పదిహేడేళ్ల సర్వీసుకు ఏ కాగితం తీసుకోవాలి? మాజీ సైనికుల అర్హతల పోలిక

సర్వీసు ముగించుకుని ఇంటికొచ్చిన ఒక హవల్దార్ నా ముందు ప్లాస్టిక్ ఫోల్డర్ పెట్టాడు. డిశ్చార్జ్ బుక్, నాలుగు కోర్సుల సర్టిఫికెట్లు, పెన్షన్ ఆర్డర్, ఒక ప్రశంసాపత్రం. "సాబ్, ఇవన్నీ కలిపితే నేను డిగ్రీ పాసైనట్టా, ఐటీఐ పాసైనట్టా, లేక ఇప్పటికీ పదో తరగతేనా?" అని అడిగాడు. ఎక్కడ అడిగితే అక్కడొక జవాబు అన్నాను. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టుకు వెళితే అతను డిగ్రీవాడితో సమానం. పక్క ఊరి ఫ్యాక్టరీలో హెచ్ఆర్ ముందు కూర్చుంటే పదో తరగతి, ప్లస్ అనుభవం. యూనివర్సిటీలో పీజీ సీటు అడిగితే ఉత్త పదో తరగతి.

నా సర్వీసులో ఎక్కువ భాగం ఆఫీసులో క్లర్కుగా, పార్ట్-2 ఆర్డర్లు (సైనికుడి రికార్డులో మార్పులను నమోదుచేసే ఆదేశాలు) టైపు చేస్తూ గడిచింది. కాబట్టి ఈ కాగితాలు ఎలా పుడతాయో కాస్త తెలుసు. ఇప్పుడు రిటైరై తెలిసిన కుర్రాళ్లకు ఫారాలు నింపిపెడుతుంటాను. అందరూ చేసే తప్పు ఒకటే కనిపిస్తుంది. ముందు ఏదో ఒక సర్టిఫికెట్ సంపాదిస్తారు, తర్వాత దానికి ఉద్యోగం వెతుకుతారు. ముందు ఉద్యోగం అనుకుని, అక్కడ ఏ కాగితం చెల్లుతుందో చూసి, అదొక్కటే తెచ్చుకుంటే సగం డబ్బు, సగం టెన్షన్ మిగులుతాయి.

మన ముందున్న దారులు ముఖ్యంగా నాలుగు. పదిహేనేళ్ల సర్వీసు మీద వచ్చే డిగ్రీ సమానత్వం, నిజమైన డిగ్రీ, ట్రేడ్ సర్టిఫికెట్, లైసెన్స్. నాలుగింటి బరువూ ఒకటి కాదు.

పదిహేనేళ్ల సమానత్వం: ఖర్చు లేదు, కానీ హద్దుంది

పదో తరగతి పాసై, లేదా ఆర్మీ స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ గానీ నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లలో దానికి సరిసమానమైనది గానీ ఉండి, 15 ఏళ్లకు తగ్గకుండా సర్వీసు చేసినవారిని డిగ్రీ అడిగే గ్రూప్-సి పోస్టులకు అర్హులుగా చూడాలని కేంద్రం 1986లోనే చెప్పింది. ఇప్పటికీ స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నోటిఫికేషన్లలో ఈ మాట ఉంటుంది. బ్యాంకు క్లర్కు నోటిఫికేషన్లలోనూ ఉంటుంది. ఆడిటర్, అకౌంటెంట్, ట్యాక్స్ అసిస్టెంట్ లాంటి పోస్టులకు డిగ్రీ లేకుండానే అప్లై చేయొచ్చన్నమాట. పరీక్ష మాత్రం అందరితో పాటు రాయాల్సిందే.

దీనికి మరో రెండు లాభాలు తోడవుతాయి. ఒకటి రిజర్వేషన్. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టుల్లో మాజీ సైనికులకు 10 శాతం. ప్రభుత్వ రంగ సంస్థలు, ప్రభుత్వ బ్యాంకుల్లో 14.5 శాతం. ఈ 14.5లో 4.5 శాతం వికలాంగులైన మాజీ సైనికులకు, యుద్ధంలో అమరులైన వారి కుటుంబాలకు ఉద్దేశించింది. రెండోది వయసు. మీ అసలు వయసులోంచి సర్వీసు ఏళ్లు తీసేయాలి, మిగిలినది ఆ పోస్టు గరిష్ఠ వయసుకు మూడేళ్లకు మించి ఎక్కువ కాకూడదు. 27 ఏళ్లు గరిష్ఠమైన పోస్టుకు, 17 ఏళ్లు సర్వీసు చేసినవాడు 47 దాకా అప్లై చేయొచ్చు: 47లోంచి 17 పోతే 30. ఈ లెక్క తెలియక నలభై దాటగానే "ఇంక నాకెవడిస్తాడు" అని ఊరుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

ఇక హద్దులు. ఇది డిగ్రీ కాదు, డిగ్రీ అడిగే కొన్ని పోస్టులకు ఇచ్చిన మినహాయింపు. సాంకేతిక లేదా వృత్తి అనుభవం తప్పనిసరి అన్న పోస్టులకు ఇది సాయపడదు. బ్యాంకు ఆఫీసర్ పోస్టుకు పనికిరాదు, అక్కడ గుర్తింపు పొందిన యూనివర్సిటీ డిగ్రీయే కావాలి. బీఎడ్‌కు పనికిరాదు, ఎంఏకి పనికిరాదు. ప్రైవేటు కంపెనీ దీన్ని ఒప్పుకోవాలన్న రూలేమీ లేదు. సర్వీసు 14 ఏళ్ల 10 నెలలైతే ఆ రెండు నెలల కోసం ఎవరూ దయ తలచరు, నోటిఫికేషన్‌లో ఇచ్చిన తేదీకి 15 నిండాలి. బ్యాంకులైతే సర్టిఫికెట్ మీద ఉన్న తేదీ కూడా చూస్తాయి. ఇంటర్వ్యూ కాల్ వచ్చాక రికార్డ్ ఆఫీసుకు ఉత్తరం రాస్తే కుదరదు. డిశ్చార్జ్ రోజునే చేతిలో ఉండాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర సర్వీసుల్లో మాజీ సైనికులకు 2 శాతం రిజర్వేషన్ ఉంది. కానీ కేంద్రం ఇచ్చిన సమానత్వం రాష్ట్రంలోనూ తనంతట తాను చెల్లుతుందనుకోకండి. ఆ నోటిఫికేషన్‌లో రాసి ఉందా లేదా చూడండి. లేకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఏ జీవో ప్రకారమో రాతపూర్వకంగా అడగండి. నోటిమాట మీద ఫీజు కట్టొద్దు.

ఈ దారిలో ఒక గొయ్యి ఉంది. మాజీ సైనికుడి కోటాలో ఒకసారి ప్రభుత్వ ఉద్యోగంలో చేరితే, ఆ తర్వాత మళ్లీ ఆ రిజర్వేషన్ రాదు. దీనికి 2014 ఆగస్టులో ఒక సడలింపు ఇచ్చారు. మొదటి ఉద్యోగంలో చేరకముందే ఏయే పోస్టులకు అప్లై చేశారో తేదీలతో సహా చేరేటప్పుడు ఆఫీసుకు స్వయంగా రాసిస్తే, వాటికి రిజర్వేషన్ హక్కు నిలబడుతుంది. మా కుర్రాడొకడు ముందొచ్చిన చిన్న ఉద్యోగంలో ఆనందంగా చేరిపోయాడు. అంతకుముందే రాసిన పెద్ద పరీక్ష ఫలితం ఆరు నెలలకు వచ్చింది. ఆ లిస్టు రాసివ్వమని అతనికి చెప్పినవాడు లేడు. సంతకం పెట్టే రోజున ఒక తెల్లకాగితం పని అది.

నిజమైన డిగ్రీ: ఆలస్యం, కానీ తలుపులు ఎక్కువ

ముప్పై ఆరేళ్లకు డిశ్చార్జ్ అయినవాడికి ఇంకా ఇరవై రెండు, ఇరవై నాలుగేళ్ల పనిజీవితం ఉంటుంది. మూడేళ్ల డిగ్రీ అంత పెద్ద బరువేమీ కాదు. అయినా దీన్ని అందరికీ సలహా ఇవ్వను. గ్రూప్-సి పరీక్షే గురి అయితే, సమానత్వం చేతిలో ఉన్నవాడు ఆ మూడేళ్లు పరీక్ష పుస్తకాల మీద పెట్టడమే మేలు. హైస్కూల్లో టీచర్ కావాలనుకున్నా, బ్యాంకు ఆఫీసర్ కావాలనుకున్నా, కార్పొరేట్ కంపెనీలో సూపర్‌వైజర్ నుంచి మేనేజర్‌కి ఎదగాలనుకున్నా డిగ్రీ తప్ప మరో దారి లేదు.

ఇక్కడ శిక్షణ రికార్డుకు నేరుగా విలువ వచ్చే ఏర్పాటు అగ్నివీరుల విషయంలో కనిపిస్తుంది. 2022 జూన్‌లో ప్రకటించిన ఇగ్నో డిగ్రీలో సగం క్రెడిట్లు సర్వీసులో పొందిన శిక్షణ నుంచి, మిగతా సగం భాషలు, ఆర్థికశాస్త్రం, చరిత్ర, కామర్స్, టూరిజం లాంటి సబ్జెక్టుల నుంచి వస్తాయి. మొదటి ఏడాది పూర్తయితే సర్టిఫికెట్, రెండో ఏడాదికి డిప్లొమా, మూడో ఏడాదికి డిగ్రీ. మధ్యలో ఆగినా చేసింది పోదు. పదో తరగతితో చేరినవారికి ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ) ద్వారా ఇంటర్ సర్టిఫికెట్ దారి కూడా అప్పుడే ప్రకటించారు.

అగ్నివీరులకు డిగ్రీ ఎందుకంత ముఖ్యమంటే, వాళ్లది నాలుగేళ్ల సర్వీసు. పదిహేనేళ్ల సమానత్వం వాళ్ల దరిదాపులకు రాదు. రెగ్యులర్ క్యాడర్‌లోకి తీసుకునేది 25 శాతం మంది దాకానే. మిగిలినవారికి మాజీ సైనికుడి హోదా కూడా లేదు. కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో, అస్సాం రైఫిల్స్‌లో 2022లో ప్రకటించిన 10 శాతం రిజర్వేషన్ వంటివి వేరుగా ఉన్నాయి. కాబట్టి బాబాయి ఆర్మీ అనుభవం చూసి అగ్నివీరుడు తన ప్లాన్ వేసుకుంటే దెబ్బతింటాడు. ఇద్దరూ వేసుకున్నది ఒకే యూనిఫాం అయినా కాగితాలు వేరు.

జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ లెక్కలో 30 గంటల అభ్యాసానికి ఒక క్రెడిట్, ఏడాదికి 40 క్రెడిట్లు. ఈ లెక్క తెలిసి ఉండటం ఎందుకు మంచిదంటే, మీ కోర్సు ఎన్ని వారాలు, వారానికి ఎన్ని పీరియడ్లు అన్న వివరం సర్టిఫికెట్‌లో లేకపోతే క్రెడిట్లుగా మార్చడానికి ఎవరికీ ఆధారం ఉండదు. "కోర్స్ క్వాలిఫైడ్" అన్న రెండు మాటలు సరిపోవు. కోర్సు చేసిన సెంటర్ నుంచి సిలబస్, గంటల వివరం తెచ్చుకోండి. సర్వీసులో ఉండగా అది ఒక ఫోన్ కాల్ పని. బయటికొచ్చాక ఆరు నెలల ఉత్తరాల పని.

ట్రేడ్ సర్టిఫికెట్: పేర్లు దగ్గర, బరువులు దూరం

సికింద్రాబాద్‌లోని ఈఎంఈ (సైన్యంలో యంత్రాల మరమ్మతు విభాగం) సెంటర్లో వెహికల్ మెకానిక్‌గా తయారైనవాడు, జామ్‌నగర్‌లోని నేవీ శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ వల్సురాలో ఎలక్ట్రికల్ నేర్చినవాడు, లోణావ్లాలోని మరో నేవీ కేంద్రం ఐఎన్ఎస్ శివాజీలో ఇంజన్లు నేర్చినవాడు, వీళ్ల చేతిలో పని ఉంది. దాన్ని బయటివాడికి చూపించడమే సమస్య. దారులు రెండు, జనం రెండింటినీ కలిపేస్తుంటారు.

మొదటిది ఆర్‌పీఎల్, అంటే ముందే వచ్చిన పనికి గుర్తింపు ఇవ్వడం. కొద్ది గంటల పరిచయ తరగతి, తర్వాత అసెస్‌మెంట్, పాసైతే ఎన్‌ఎస్‌క్యూఎఫ్ (జాతీయ నైపుణ్య అర్హతల పట్టిక) లెవెల్‌తో సర్టిఫికెట్. త్వరగా అయిపోతుంది. సర్వీస్ సెంటర్, వేర్‌హౌస్, హోటల్ మెయింటెనెన్స్ లాంటి ప్రైవేటు ఉద్యోగాలకు ఉపయోగపడుతుంది, ఎందుకంటే అక్కడి మేనేజర్‌కి "క్రాఫ్ట్స్‌మన్" అంటే అర్థం కాకపోయినా "ఆటోమోటివ్ సర్వీస్ టెక్నీషియన్" అంటే అర్థమవుతుంది.

రెండోది ఐటీఐ వాళ్లకు వచ్చే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్. రైల్వేలు, ప్రభుత్వ రంగ సంస్థలు "పదో తరగతి, ఐటీఐ" అని అడిగినప్పుడు వాటికి కావలసింది ఇది. ఆర్‌పీఎల్ సర్టిఫికెట్ దీనికి బదులు కాదు. అనుభవం ఉన్నవాళ్లు ప్రైవేటు అభ్యర్థిగా ఆల్ ఇండియా ట్రేడ్ టెస్ట్ రాసే ఏర్పాటు ఉంది. మీ దగ్గరి ప్రభుత్వ ఐటీఐలో అడగండి. థియరీ పేపర్ ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రెంచి పట్టుకున్నంత సులువుగా పెన్ను పట్టుకోలేక తప్పినవాళ్లున్నారు.

నన్నడిగితే ప్రభుత్వ రంగ సంస్థ మీద కన్నున్నవాడు ఆర్‌పీఎల్‌తో టైం వృథా చేయకుండా ట్రేడ్ టెస్ట్‌కే కూర్చోవాలి. ఇంటి దగ్గర వర్క్‌షాపు పెట్టుకునేవాడికి రెండూ అవసరం లేదు.

ఇంకో చిన్న విషయం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉద్యోగానికి పేరు నమోదు చేసేటప్పుడు మీ సర్వీస్ ట్రేడ్‌ను పౌర వృత్తుల పట్టికలోని ఏదో ఒక వృత్తితో జతచేస్తారు. ఆ జత సరిగా పడిందో లేదో చూసుకోండి. రేడియో ఆపరేటర్‌గా పదేళ్లు చేసినవాడి పేరు ఎదురుగా 'సెక్యూరిటీ గార్డ్' అని పడితే, వచ్చే కాల్స్ అన్నీ సెక్యూరిటీవే వస్తాయి.

డీజీఆర్ కోర్సుల గురించి కూడా అడుగుతారు. పునరావాస డైరెక్టరేట్ సర్వీసు చివరి ఏడాదిలో ఇప్పించే శిక్షణ ఇది. జేసీవోలకు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు), జవాన్లకు ఫీజు ఉండదు. చాలామంది ఇంటికి దగ్గరున్న కోర్సు ఎంచుకుంటారు. పిల్లల మధ్య ఉండొచ్చన్న ఆశ అర్థం చేసుకోదగిందే. అయితే కోర్సు పేరు గట్టిగా ఉండి చివర్లో ఇచ్చే కాగితం ఏ నోటిఫికేషన్‌లోనూ కనిపించకపోతే అది మూడు నెలల సెలవుతో సమానం. కోర్సు లిస్టు, మీకు కావలసిన ఉద్యోగ నోటిఫికేషన్ పక్కపక్కన పెట్టి చూడండి.

లైసెన్సులు: ఇక్కడ చట్టమే చెబుతుంది

డ్రైవర్లకు ముందు. సైన్యం ఇచ్చే డ్రైవింగ్ లైసెన్స్ మోటారు వాహనాల చట్టం 18వ సెక్షన్ కింద వస్తుంది. అది రక్షణ అవసరాల ప్రభుత్వ వాహనాలకే. ఎనిమిది టన్నుల బండిని లేహ్ ఘాట్ రోడ్డులో నడిపినవాడైనా దానితో ఊళ్లో లారీ నడపలేడు. అదే చట్టం 9వ సెక్షన్‌లో, ఈ లైసెన్స్ ఉన్నవారికి అదే తరగతి వాహనానికి డ్రైవింగ్ టెస్ట్ మినహాయించే దారి ఉంది. కాబట్టి మిలిటరీ లైసెన్స్ బతికుండగానే, చివరి సెలవులోనే ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి. ఏ తరగతి వాహనాలో అందులో స్పష్టంగా ఎక్కించుకున్నాకే వెళ్లండి.

సెక్యూరిటీ రంగంలో శిక్షణకు చట్టబద్ధంగానే విలువ కట్టారు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద వచ్చిన కేంద్ర నమూనా నిబంధనల్లో మామూలు గార్డుకు 100 గంటల తరగతి, 60 గంటల ఫీల్డ్ శిక్షణ. మాజీ సైనికుడికి, మాజీ పోలీసుకు 40 గంటలు, 16 గంటలు చాలు. అయితే మొదట దొరికిందని గేటు దగ్గర నిలబడి అక్కడే పదేళ్లు ఉండిపోయే ప్రమాదం ఈ రంగంలోనే ఎక్కువ. వెళ్తే సూపర్‌వైజర్ స్థాయి అడిగి వెళ్లండి. పది మంది సెక్షన్‌ను నడిపినవాడికి ఆ మాట అడిగే హక్కుంది.

ఎలక్ట్రీషియన్లకు రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ కావాలి, సర్వీసు అనుభవం అప్లికేషన్‌కు తోడు మాత్రమే. వైద్య విభాగంలో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసినవారి పరిస్థితి అందరికంటే కష్టం. సియాచిన్ దారిలో ప్రాణాలు నిలబెట్టినవాడైనా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కు గుర్తింపు పొందిన నర్సింగ్ కోర్సే ఉండాలి. ఇది అన్యాయం అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. వాళ్లకు నేను చెప్పేది ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ వైపు, అంబులెన్స్ సర్వీసుల వైపు, ఫ్యాక్టరీల ఫస్ట్ ఎయిడ్ గదుల వైపు చూడమని.

కాగితం లేని చోట: రెజ్యూమె

ప్రైవేటు ఉద్యోగానికి పై నాలుగింటికంటే ముందు చదివేది మీ రెజ్యూమె. అందులో మనవాళ్లు ఎక్కువగా ఇలా రాస్తారు: "ఎంటీ ఎన్‌సీవోగా మూడేళ్లు, బీపీఈటీ ఎక్సలెంట్, ఎల్‌వోసీ టెన్యూర్." చదివేవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. అదే మనిషి పని ఇలా రాయొచ్చు: "14 భారీ వాహనాల రోజువారీ తనిఖీ, 18 మంది డ్రైవర్ల డ్యూటీ చార్టు, డీజిల్, విడిభాగాల లెక్కలు, వార్షిక సాంకేతిక తనిఖీకి వాహనాలను సిద్ధం చేయడం." హోదా కాదు, సంఖ్యలు రాయాలి. క్వార్టర్‌మాస్టర్ స్టోర్లో చేసినవాడు ఎన్ని రకాల వస్తువులు, ఎన్ని లెడ్జర్లు, ఏడాదికి ఎన్నిసార్లు స్టాక్ తనిఖీ అని రాస్తే వేర్‌హౌస్ మేనేజర్ కళ్లు అక్కడే ఆగుతాయి.

అందరూ మర్చిపోయేది ఇన్‌స్ట్రక్టర్ టెన్యూర్. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లోనో మరెక్కడో రెండేళ్లు రిక్రూట్లకు శిక్షణ ఇచ్చి ఉంటే, అది మీ రికార్డులో బయట అమ్ముడుపోయే మొదటి వస్తువు. ఎంతమంది బ్యాచ్, ఏ విషయాలు, ఎన్ని వారాలో రాయండి.

రాయకూడనివీ ఉన్నాయి. యూనిట్ ఎక్కడ మోహరించింది, ఏ ఆయుధం, ఎన్ని ఉన్నాయి లాంటివి వద్దు. అధికార రహస్యాల చట్టం రిటైరైతే మనల్ని వదిలేయదు. "ఎత్తైన, మంచు ప్రాంతంలో పనిచేశాను" అంటే చాలు.

మా హవల్దార్ విషయానికొస్తే, అతను 17 ఏళ్లు చేసిన ఎంటీ (సైనిక రవాణా వాహనాల) డ్రైవర్, పదో తరగతి, వయసు 37. చదువు మీద ఆసక్తి ఉందా అని అడిగితే నేల చూశాడు. దాంతో డిగ్రీ పక్కనపెట్టాం. లైసెన్స్ మార్పిడి మొదటి వారంలో మొదలుపెట్టించాను. సమానత్వం సర్టిఫికెట్‌తో రెండు క్లర్కు పరీక్షలకు అప్లై చేయించాను, ఈలోపు ఒక రవాణా కంపెనీలో ఫ్లీట్ సూపర్‌వైజర్‌కి ఆ 14 వాహనాల రెజ్యూమె పంపాం. కంపెనీ ప్రైవేటుది కాబట్టి అక్కడ చేరినా కోటా పోదు. భార్య టీచరై, ఊరు వదలలేని మనిషైతే నా సలహా వేరేగా ఉండేది.

ఇంకా సర్వీసులో ఉన్నవారు ఈ పేజీ చదువుతుంటే ఒక్క పని ఈ వారమే చేయండి. డిశ్చార్జ్‌కు ఏడాది ముందు నుంచే పౌర పోస్టులకు అప్లై చేసే వీలుంది, దానికి ముందు మీ పేరు సరిచూసుకోండి. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది, పదో తరగతి మెమోలో పొడి అక్షరంగా ఉంటుంది, రిక్రూటింగ్ ఆఫీసులో ఎవరో దాన్ని విడగొట్టి చివర్లో పెట్టి ఉంటారు. పుట్టిన తేదీలో ఒక అంకె, తండ్రి పేరులో ఒక అక్షరం కూడా తేడా ఉండొచ్చు. యూనిట్‌లో ఉండగా ఒక దరఖాస్తు, ఒక పార్ట్-2 ఆర్డర్‌తో సరిపోతుంది. డిశ్చార్జ్ బుక్ అచ్చయ్యాక అదే సవరణకు అఫిడవిట్, పేపర్ ప్రకటన, గెజిట్, రికార్డ్ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టు. ఈలోగా డాక్యుమెంట్ వెరిఫికేషన్ తేదీ దాటిపోతుంది.